దుమ్ముకు ఇతివృత్తం లేదా?

కార్మికుడి శరీరం గురించి మన అభ్యుదయ సాహిత్యం తక్కువేమీ రాయలేదు. కాయలు కాచిన చేతులు రాశాం, ఎండిన డొక్కలు రాశాం, బిగిసిన పిడికిళ్లు రాశాం. శ్రీశ్రీ ‘ప్రతిజ్ఞ’ తర్వాత చెమట మన కవిత్వంలో ఎంతగా స్థిరపడిపోయిందంటే, ఇవాళ కొత్తగా కలం పట్టిన కుర్రవాడు కూడా కర్మాగారం అనగానే చెమటతోనే మొదలుపెడతాడు. నెత్తురు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాని ఆ శరీరంలో ఊపిరితిత్తులు కూడా ఉన్నాయన్న సంగతి మన కథకులకు గాని, వాళ్ల మీద వ్యాసాలు రాసిన విమర్శకులకు గాని తట్టినట్టు కనిపించదు.

ఒకవేళ ఊపిరితిత్తులు కథలోకి వచ్చినా క్షయ రూపంలోనే వస్తాయి. కథానాయకుడు దగ్గుతాడు. జేబురుమాలు మీద ఎర్రటి మరక కనిపిస్తుంది. భార్య చూస్తుంది, అతడు దాచుకుంటాడు. నాలుగు పేజీల తర్వాత మరణిస్తాడు. ఈ దగ్గు ఎక్కడినుంచి వచ్చిందని రచయిత అడగడు. బీదరికం వల్ల వచ్చిందని మనమే అనుకోవాలి. ‘బీదరికం’ అనేది ఇటువంటి కథల్లో వాతావరణం లాంటిది. ఎండ కాసినట్టు, వాన కురిసినట్టు దానంతట అదే ఉంటుంది. దానికి యజమాని ఉండడు, యంత్రం ఉండదు, షిఫ్టు ఉండదు. క్షయ బీదవాళ్లను ఎక్కువగా పీడించే మాట నిజమే. అయితే పనిచేసేచోట పీల్చిన ధూళి వల్ల, రసాయనాల వల్ల వచ్చే జబ్బు వేరు. అది ఫలానా చోట, ఫలానా పనిలో, ఫలానా ఖర్చు మిగుల్చుకోవడం కోసం మనిషి ఊపిరితిత్తిలోకి ఎక్కించిన జబ్బు. ఈ రెంటినీ ఒకటిగా చూసే కథ, తెలియకుండానే యజమాని పక్షాన సాక్ష్యం చెబుతున్నది.

ఈ మాట కటువుగా ఉందనుకునే మిత్రులు సిలికోసిస్ ఎలా పనిచేస్తుందో కొంచెం ఓపికతో చూడాలి. రాతిని కోసినా, తొలిచినా, పగలగొట్టినా లేచే ధూళిలో కంటికి కనిపించేది ప్రమాదకరం కాదు. అది ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. 5 మైక్రాన్ల లోపు రేణువు కంటికి కనిపించదు. అది ఊపిరితిత్తి చిట్టచివరి గాలిగదుల దాకా పోతుంది. శరీరం తన రక్షక కణాలను పంపుతుంది. ఆ కణం స్ఫటికాన్ని మింగుతుంది, మింగి చస్తుంది, చచ్చి స్ఫటికాన్ని మళ్లీ వదులుతుంది. ఇంకో కణం వస్తుంది. ఈ చావుల చుట్టూ మచ్చ కడుతుంది. మచ్చలు గడ్డలవుతాయి, సాగవలసిన ఊపిరితిత్తి గట్టిపడుతుంది. పని మానేసినా ఇది ఆగకుండా పెరుగుతూ ఉండవచ్చు. మామూలుగా పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. ధూళి మరీ ఎక్కువైతే కొద్ది నెలలు చాలు. ఇలా దెబ్బతిన్న ఊపిరితిత్తిలో క్షయ సులువుగా చేరుతుంది. కాబట్టి ఆస్పత్రి చీటీ మీద ‘క్షయ’ అని రాసిన డాక్టరు పచ్చి అబద్ధం రాసినట్టు కాదు. సగం నిజం రాశాడు. యజమానికి ఆ సగం చాలు. క్షయ ఎవరిదీ కాదు, సిలికోసిస్‌కు మాత్రం ఒక మేనేజరు సంతకం ఉంటుంది.

మరి ఈ వస్తువు సాహిత్యానికి కొత్తదా అంటే, కాదు. 1845లో ఎంగెల్స్ ‘ఇంగ్లండులో కార్మికవర్గ స్థితిగతులు’ రాసినప్పుడే షెఫీల్డులో కత్తులకు, ఫోర్కులకు సానపట్టే కార్మికుల ఊపిరితిత్తుల గురించి రాశాడు. పొడి సాన పట్టేవాళ్లు 35 ఏళ్లు దాటి బతకడం అరుదనీ, తడి సాన పట్టేవాళ్లు 45 దాటడం అరుదనీ చెప్పాడు. పదేళ్ల ఆయుష్షుకు తేడా కాసిని నీళ్లు! అంతకన్నా నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. సానపట్టేవాళ్లలో తాగుబోతులే ఎక్కువకాలం బతికేవాళ్లట. ఎందుకంటే వాళ్లు ఎక్కువ రోజులు పనికి ఎగ్గొట్టేవాళ్లు. ధూళిని తగ్గించే పరికరాలు వస్తే ఈ పనిలోకి మరింతమంది వచ్చి కూలిరేటు పడిపోతుందని కొందరు కార్మికులే వాటిని వద్దన్నారు. అంటే తమ చావుకే వాళ్లు ధర కట్టుకున్నారు. దోపిడీ మనిషి ఆలోచనను ఎంతదాకా తొలుస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన కథావస్తువు ఎక్కడ దొరుకుతుంది?

ఎంగెల్స్ తర్వాత పదేళ్లకు, 1854-55లో, ఎలిజబెత్ గాస్కెల్ ‘నార్త్ అండ్ సౌత్’ నవల వెలువడింది. ఆమె మతాధికారి భార్య. వర్గ సామరస్యం మీద నమ్మకమున్న మనిషి. నవల ముగింపులో మిల్లు యజమానికీ నాయికకూ పెళ్లి కుదిర్చి వర్గాల గొడవను సర్దేసింది. దాని మీద మనకున్న అభ్యంతరాలు మనకున్నాయి. అయినా ఆ నవలలో బెస్సీ హిగిన్స్ అనే పంతొమ్మిదేళ్ల పిల్ల ఉంది. దూది ఏకే గదిలో పనిచేసి, గాలిలో ఎగిరే నూగు పీల్చి పీల్చి చావుకు దగ్గరైన పిల్ల. తన జబ్బు ఏమిటో ఆమె నాయికకు వివరించే సన్నివేశం చదివి తీరాలి. ఏకుడు గదికి ఒక చివర పెద్ద చక్రం పెడితే గాలి లాగి నూగును బయటికి తోసేస్తుందని ఆమెకు తెలుసు. ఆ చక్రానికి ఐదారు వందల పౌండ్లు అవుతుందని తెలుసు. దానివల్ల లాభం రాదు కనుక యజమానులు పెట్టరని కూడా తెలుసు. అంతటితో ఆగదు. చక్రం ఉన్న మిల్లులో పని వద్దనే కార్మికులూ ఉన్నారట. ఇన్నాళ్లూ నూగు మింగడం అలవాటైనవాళ్లకు అది లేకపోతే ఆకలి ఎక్కువవుతుందట. అందుకని అటువంటిచోట కూలి పెంచాలట!

రచయిత్రి భావజాలం ఏదైనా కానివ్వండి. ఈ పేరాలో యంత్రం ఉంది, దాని ధర ఉంది, యజమాని లెక్క ఉంది, కార్మికుడి చిక్కుబడ్డ చైతన్యం ఉంది. జబ్బుకు కారణం తెలిసిన రోగి నోటితోనే అదంతా చెప్పించింది. జేబురుమాలు మీద మరక కన్నా ఐదు వందల పౌండ్ల చక్రం గొప్ప ప్రతీక అని నా అభిప్రాయం. అసలది ప్రతీక కాదు, ఇనుముతో చేసిన వస్తువు. అందుకే బలంగా ఉంది.

జపాన్ శ్రామికవర్గ రచయిత హయామా యోషికి 1926లో రాసిన ‘సిమెంటు పీపాలో ఉత్తరం’ అనే కథ ఇంకో రకంగా మనకు పాఠం. మిక్సరులోకి సిమెంటు ఎత్తిపోసే కూలీ ముక్కు రంధ్రాల్లో సిమెంటు పేరుకుని గట్టిపడుతుంటుంది. ముక్కు శుభ్రం చేసుకుందామంటే యంత్రం వేగం చేతికి ఖాళీ ఇవ్వదు. రోజుకు పదకొండు గంటల పని. ఒక పీపాలో అతనికి చిన్న చెక్కపెట్టె దొరుకుతుంది. దానిలో సిమెంటు సంచులు కుట్టే ఒక అమ్మాయి రాసిన ఉత్తరం. తన ప్రియుడు రాళ్లు పిండిచేసే యంత్రంలో పడి సిమెంటయిపోయాడనీ, ఆ సిమెంటును ఎక్కడ వాడారో తెలియజేయమనీ కోరుతుంది. మారకపు విలువలో మనిషి ఎలా కలిసిపోతాడో ఇంత సూటిగా చూపిన కథ ప్రపంచ సాహిత్యంలో అరుదు. ఆ సంగతి అందరూ రాశారు. నేను చెప్పేది మొదటి పేరా గురించి. ముక్కు దగ్గర మొదలుపెట్టిన హయామా, ఆ ముక్కును వదిలేసి యంత్రంలో పడ్డ మనిషి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ ప్రియుడు ఒక్క క్షణంలో సిమెంటయ్యాడు. ఉత్తరం చదువుతున్నవాడు రోజుకు పదకొండు గంటల చొప్పున సిమెంటవుతున్నాడు. రెండోవాడి కథ ఎవరు రాయాలి?

ఇక్కడే మన సమస్య కూడా ఉంది. కథ అనేదానికి సంఘటన కావాలి. బాయిలరు పేలాలి, గని కప్పు కూలాలి, లాఠీ విరగాలి. మన కార్మిక కథలు చాలావరకు సంఘటన వెంట పరుగెత్తినవే. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో కప్పు కూలి 8 మంది చిక్కుకుపోయినప్పుడు వారాల తరబడి పత్రికలు రాశాయి, కవితలూ వచ్చాయి. రావలసిందే. కాని ధూళి కూలదు, పేలదు. దానికి తేదీ లేదు. చావు వచ్చేనాటికి కార్మికుడు కర్మాగారంలో ఉండడు, ఊళ్లో మంచం మీద ఉంటాడు. అక్కడ అతని చుట్టూ ఉన్నవాళ్లకు అది ‘ఆయాసం’, ‘దమ్ము’, లేదా అతని ఖర్మ. హంతకుడికీ హతుడికీ మధ్య పదిహేనేళ్లు, అయిదు వందల మైళ్లు దూరం. ఇంత దూరాన్ని ఒక కథలో ఎలా కుదించాలన్నది నిజంగా కష్టమైన శిల్ప సమస్య.

ఈ సమస్యను ఎదుర్కొన్న రచన ఒకటి ఉంది. మన విద్యార్థులకు దాన్ని ఎవరూ పాఠం చెప్పడం లేదు. మ్యూరియల్ రుకైజర్ అనే అమెరికన్ కవయిత్రి 1938లో ‘యు.ఎస్. 1’ అనే సంపుటిలో ప్రచురించిన ‘మృతుల గ్రంథం’ అనే దీర్ఘ కవిత. ఇరవై ఖండికలు.

దాని వెనుక చరిత్ర ఇది. పశ్చిమ వర్జీనియాలో గాలీ బ్రిడ్జి అనే ఊరి దగ్గర న్యూ రివర్ నీటిని కొండ కిందుగా మళ్లించి విద్యుత్తు తీయడానికి మూడు మైళ్ల పొడవున సొరంగం తవ్వారు. 1930లో పని మొదలైంది. తవ్వించింది యూనియన్ కార్బైడ్ అనుబంధ సంస్థ, తవ్వింది ఒక కాంట్రాక్టు కంపెనీ. కొండలో సిలికా 90 శాతం పైన, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఆ రాయి ఉక్కు తయారీకి పనికొస్తుందని తెలిసి సొరంగాన్ని అవసరానికి మించి వెడల్పు చేశారు. అంటే సొరంగమే గని అయింది. లోపల పనిచేసిన వాళ్లు సుమారు 3,000 మంది. ఎక్కువమంది దక్షిణాది రాష్ట్రాల నుంచి ఆర్థిక మాంద్యం తరిమితే వచ్చిన నల్లజాతి కూలీలు. నీళ్లు పోస్తూ తొలిస్తే ధూళి లేవదు, కాని పని నెమ్మదిస్తుంది. అందుకని పొడిగా తొలిచారు. తనిఖీకి వచ్చే ఇంజనీర్లు ముఖానికి ముసుగు పెట్టుకున్నారు, కూలీలకు ముసుగులు లేవు. నెలల్లోనే మనుషులు చావడం మొదలుపెట్టారు. కంపెనీ డాక్టర్లు న్యుమోనియా అన్నారు, క్షయ అన్నారు, ‘సొరంగం జబ్బు’ అని ఒక పేరు కల్పించారు. చనిపోయిన నల్లవాళ్లను పూడ్చడానికి తెల్లవాళ్ల శ్మశానాల్లో చోటు లేకపోతే, శవానికి ఇంత అని కిరాయి తీసుకున్న ఒక మనిషి తన తల్లి మొక్కజొన్న చేనులో పూడ్చాడు.

ఎందరు చనిపోయారు? కంపెనీ ఒప్పుకున్నది 109. 1936లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం విచారణలో తేలిన సంఖ్య 476. మార్టిన్ చెర్నియాక్ అనే వైద్యుడు 1986లో ప్రచురించిన పుస్తకంలో అంచనా కట్టినది 764. పని అయిపోగానే కూలీలు చెల్లాచెదురైపోయారు. అలబామాలోనో, జార్జియాలోనో తమ ఊళ్లో చనిపోయిన వాళ్లను ఎవరూ లెక్కించలేదు. కోర్టులో రాజీ కుదిరి ముట్టిన కొద్దిపాటి డబ్బులో కూడా తెల్లవాడికొక రేటు, నల్లవాడికొక రేటు.

1936లో రుకైజర్ ఒక ఫొటోగ్రాఫరు స్నేహితురాలితో కలిసి ఆ ఊరికి వెళ్లింది. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. వెళ్లి చూసి దుఃఖించి ఒక ఎలిజీ రాసి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. ఆమె ఉపసంఘం విచారణ పత్రాలను కవితలోకి తెచ్చింది. సాక్షుల వాఙ్మూలం, ఎక్స్‌రే పటాన్ని చూస్తూ డాక్టరు చెప్పిన సమాధానాలు, చివరకు యూనియన్ కార్బైడ్ వాటాల మార్కెట్ ధరలు కూడా ఉన్నదున్నట్టుగా కవితలో పాదాలయ్యాయి. ఇది కవిత్వమా, కోర్టు కాగితమా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ప్రశ్నను ఇంకోలా వేసుకుందాం. చంపినవాళ్లు చావును కాగితం మీదే దాచారు. మరణ ధ్రువపత్రంలో, పేబిల్లులో, కోర్టు రాజీపత్రంలో దాచారు. మరి దాన్ని కాగితంలోనే వెతకకుండా వెన్నెల్లో వెతకమంటారా?

ఈ కవితలో ‘ఆబ్సలోమ్’ అనే ఖండిక ఉంది. ఒక తల్లి మాట్లాడుతుంది. ముగ్గురు కొడుకులు సొరంగంలో పనిచేశారు, ముగ్గురూ పోయారు. చిన్నవాడు చనిపోయే ముందు తల్లికి చెప్పిన మాటే ఆ ఖండికకు కేంద్రం. నేను పోయాక నన్ను కోసి చూడమను, ధూళే నన్ను చంపిందని తేలితే నష్టపరిహారం అడుగు అని చెబుతాడు. ఎక్స్‌రేకు డబ్బులేక ఆ తల్లి రోడ్డు మీద ముష్టెత్తింది. ఆ పిల్లవాడు తన శవాన్ని సాక్ష్యంగా తల్లికి అప్పగించాడు. మన సాహిత్యంలో చనిపోయే కొడుకులు తల్లికి జెండా అప్పగిస్తారు, ఆశయం అప్పగిస్తారు. ఊపిరితిత్తుల్ని అప్పగించినవాడిని నేను చూడలేదు.

ఆ తల్లి మాటల మధ్య రుకైజర్ ప్రాచీన ఈజిప్టు మృతుల గ్రంథం నుంచి మంత్రాల వంటి పంక్తులు చొప్పించింది. కవిత పేరు కూడా అక్కడిదే. నాకు ఇక్కడ చిన్న పేచీ ఉంది. గాలీ బ్రిడ్జి తల్లికి ఈజిప్టు దేవతల మద్దతు అవసరం లేదు. వాఙ్మూలం దానంతట అదే నిలబడగలిగిన చోట పురాణం తోడు తెచ్చుకోవడం మధ్యతరగతి కవికి తన పాండిత్యం మీద ఉన్న మమకారమే అనిపిస్తుంది. ‘పవర్’ అనే ఖండికలో విద్యుత్ కేంద్రం వర్ణన కూడా సాగదీతగానే ఉంది. అయితే నల్లజాతి కార్మికుడు జార్జ్ రాబిన్సన్ గొంతుతో రాసిన బ్లూస్ పాటలో, షిఫ్టు దిగి సొరంగం నుంచి బయటకు వచ్చిన నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ధూళి కప్పి ఒకే తెలుపులో కనిపించే చోట ఆమె చేయి తిరిగిన కవి. వర్ణభేదం పోయిన ఏకైక స్థలం ధూళి! దీనికి వ్యాఖ్యానం ఆమె చెప్పలేదు, మనం కూడా చెప్పనక్కర్లేదు.

ఈ కవిత మీద వచ్చిన విమర్శల్లో మన చర్చకు పనికివచ్చేది ఒకటుంది. జాన్ వీల్‌రైట్ 1938లో ‘పార్టిజన్ రివ్యూ’లో రాసింది. పెట్టుబడిదారీ వ్యవస్థ శరీరం మీద మొలిచిన కురుపుల మీదనే ఈమె దాడి చేసింది తప్ప వ్యవస్థ లోపలి స్వభావం మీద కాదని ఆయన అభియోగం. వామపక్షం నుంచి వామపక్షానికి వచ్చిన ఈ విమర్శ మనకు బాగా పరిచయమైనదే. మన సభల్లో వారానికొకసారి వినిపిస్తుంది. ‘నీళ్లు పోసి తొలిస్తే చాలునా? ముసుగు ఇస్తే దోపిడీ పోతుందా?’ అని. పోదు. కాని నీళ్లు ఎందుకు పొయ్యలేదు అన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళ్లండి. కాంట్రాక్టు గడువు వస్తుంది. గడువు వెనక విద్యుత్తు అమ్మకం, ఉక్కు ధర, వాటాదారుడి డివిడెండు వస్తాయి. మాంద్యం వల్ల ఒక కూలీ చస్తే గేటు దగ్గర పదిమంది నిలబడి ఉండడం వస్తుంది. దక్షిణాది వర్ణవివక్ష వస్తుంది. వ్యవస్థ లోపలి స్వభావం ఇదికాక ఇంకేమిటి? వాటా ధరల్ని కవితలో పెట్టిన మనిషికి అది తెలియదనుకోవడం అన్యాయం. సారాంశాన్ని నినాదంగా చెబితే సిద్ధాంతమనీ, వివరంగా చూపితే కురుపనీ అనుకునే అలవాటు విమర్శకుడికి ఉండవచ్చు గాని రచయితకు పనికిరాదు.

యూనియన్ కార్బైడ్ అనే పేరు మన పాఠకులకు ఎక్కడో తగులుతూ ఉండాలి. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ వదిలింది అదే సంస్థ అనుబంధ కంపెనీయే. అంతకు మూడేళ్ల ముందే, 1981 డిసెంబరులో, ఆ ప్లాంటులో ఫాస్జీన్ సోకి ఒక కార్మికుడు మరణించాడు. 1982లో రాజ్‌కుమార్ కేస్వానీ అనే పాత్రికేయుడు స్థానిక హిందీ పత్రికలో హెచ్చరించాడు. ఆ ఒక్క కార్మికుడి ఊపిరితిత్తిని ఎవరూ చదవలేదు. చదివి ఉంటే ఊరంతటి ఊపిరితిత్తుల సంగతి అందులో ఉంది. ఆ తర్వాత వేలమంది చనిపోయారు, బతికినవాళ్లలో ఎందరికో జన్మంతా ఆయాసమే. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఇంద్రా సిన్హా 2007లో రాసిన ‘యానిమల్స్ పీపుల్’ నవల పేర్లు మార్చి ఈ ఊరి కథే చెప్పింది. ఆ నవలలో నడుము వంగిపోయి నాలుగు కాళ్ల మీద నడిచే కథకుణ్ణే అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం సోమరాజ్ అనే గాయకుడు ఎక్కువ. గొప్ప పాటగాడు. ఆ రాత్రి భార్యనూ బిడ్డనూ పోగొట్టుకున్నాడు, ఊపిరి పోయి పాట కూడా పోయింది. కప్పల అరుపులో, ఇంటి చప్పుళ్లలో రాగం వింటూ బతుకుతుంటాడు. ఊపిరితిత్తి దెబ్బతినడం అంటే నడుస్తుంటే రొప్పు రావడం మాత్రమే కాదు. గాయకుడికి ఒకటి పోతుంది, రాళ్లు కొట్టేవాడికి మరొకటి పోతుంది. ఎవరికి ఏది పోయిందో పట్టుకోవడం రచయిత పని.

2020 మే 7న విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చి 12 మంది చనిపోయినప్పుడు మన కవులు వెంటనే స్పందించారు. మంచిదే. ఆ కవితల్లో చాలావాటిలో ‘విషవాయువు’ అన్న ఒక్క మాటే ఉంది, ‘స్టైరీన్’ లేదు. పేరు పెట్టకపోవడం వల్ల అది మళ్లీ ప్రకృతి వైపరీత్యం లాగానే కనిపిస్తుంది. రసాయనాల పేర్లు కవితలో ఇమడవని అనుకోకండి. 2000లో అమెరికాలోని మిస్సోరీలో పాప్‌కార్న్ తయారుచేసే చోట పనివాళ్ల ఊపిరితిత్తుల సన్నటి నాళాలు మూసుకుపోయాయని బయటపడింది. కారణం వెన్న వాసన కోసం కలిపే డయాసిటైల్. సినిమాహాల్లో మనం ఇష్టంగా పీల్చే వాసన! కొత్త జీన్స్ పాతవిగా కనిపించడం కోసం ఇసుక చిమ్మే పనిలో టర్కీ కుర్రవాళ్లు చచ్చిపోతే, 2009లో అక్కడ ఆ పద్ధతిని నిషేధించారు. వంటింటి గట్ల మీద పరిచే కృత్రిమ రాతిని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి నిషేధించింది. ఈ మూడింటిలోనూ వ్యంగ్యం వస్తువులోనే ఉంది, రచయిత తన వైపు నుంచి ఏమీ కలపనక్కర్లేదు.

మన దగ్గరకు వద్దాం. మన దేశంలో సిలికోసిస్ మొదట నమోదైంది 1934లో, కోలారు బంగారు గనుల్లో. ఆ గనుల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ తరతరాలుగా దిగారు. గనులు 2001లో మూతపడ్డాయి. 1948 ఫాక్టరీల చట్టం సిలికోసిస్‌ను డాక్టరు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చింది. చట్టం రాసినంత మాట కూడా మన సాహిత్యం రాయలేదు.

ఇంకొక ఉదాహరణ చెబుతాను. మధ్యప్రదేశ్‌లో మందసౌర్ అనే చోట బలపాలు కోసే పరిశ్రమ ఉంది. పలకరాతిని విద్యుత్ రంపంతో కోస్తారు. 1980లలో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశీలిస్తే, పరీక్షించిన కార్మికుల్లో సగానికి మించి సిలికోసిస్ కనిపించింది. వాళ్లలో కుర్రవాళ్లు ఎక్కువ. బలపం! మనలో ఎంతమందిమి అ ఆలు దిద్దింది దానితోనే? నా బలపం ఏ ఊరిదో నాకు తెలియదు. మన మార్కాపురం పలక మీద దిద్దాను, అంతవరకు తెలుసు. అక్షరం గురించి మన కవులు ఎన్ని వందల కవితలు రాశారు! అక్షరం ఆయుధమన్నారు, అగ్ని అన్నారు, విత్తనమన్నారు. మొదటి అక్షరం రాసిన ఆ రాతిముక్క ఎవరి ఊపిరితిత్తిలోంచి వచ్చిందని అడిగిన కవిత నా కంటపడలేదు. దీన్ని కవులకు ఆక్షేపణగా చెప్పడం లేదు. వస్తువు ఎంత దగ్గరగా, గుప్పిట్లోనే ఉన్నదో చూపుతున్నాను.

ఈమధ్య ఒక యువ మిత్రుడు కంకర క్రషర్ కార్మికుడి మీద కథ రాసి చూపించాడు. పాలమూరు నుంచి వలసపోయిన మనిషి, ముప్ఫై ఎనిమిదేళ్లకే మెట్టు ఎక్కలేకపోతాడు. చివర్లో అస్తమిస్తున్న సూర్యుడు, రక్తవర్ణం, భార్య కళ్లలో నిప్పు. కథ మధ్యలో ఒకేఒక్క వాక్యం, రచయిత తొందరగా దాటిపోయినది నన్ను పట్టుకుంది. సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు మేస్త్రీ తలా ఒక బెల్లంముక్క ఇస్తాడు. బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందని నమ్మకం. మనలో చాలామంది ఇళ్లలో కూడా ఉన్న నమ్మకమే. దుమ్ము వెళ్లేది గాలిగొట్టంలోకి, బెల్లం దిగేది కడుపులోకి. రెండూ ఎక్కడా కలుసుకోవు. కాని ఆ ముక్కలో ఎంత ఉందో చూడండి. యజమాని దయ ఉంది. దుమ్ము ప్రమాదమని యజమానికి తెలుసునన్న ఒప్పుకోలు ఉంది. నీళ్లు చల్లే గొట్టాలకయ్యే ఖర్చుకూ బెల్లం దిమ్మె ఖర్చుకూ మధ్య తేడా ఉంది. రెండోరోజు ముక్క చిన్నదైతే కూలీలు దాని కోసమే గొడవపడతారు. షెఫీల్డు సానవాళ్ల లెక్క, గాస్కెల్ చెప్పిన నూగు ఆకలి ఇక్కడ బెల్లం రూపంలో కూర్చున్నాయి. కథ అదేనయ్యా, సూర్యాస్తమయం కాదు అన్నాను.

అక్కడే ఉన్న మరో మిత్రుడు అడ్డం వచ్చాడు. పాఠకుడికి ఆశ ఇవ్వకుండా, పోరాటం చూపకుండా బెల్లంముక్కతో ఆపేస్తే అది నిరాశావాదం కాదా, ఫొటోగ్రాఫిక్ వాస్తవికత కాదా అని. ఆయన ఆందోళన నాకు అర్థమవుతుంది. కాని పోరాటమంటే ముగింపు పేరాలో ఎగిరే జెండాయేనా? పశ్చిమ వర్జీనియాలో ఎక్స్‌రే డబ్బు కోసం రోడ్డు మీద నిలబడ్డ తల్లి చేసింది పోరాటం. తన జబ్బుకు సరైన పేరు రాయించుకోవడానికి నాలుగు ఆస్పత్రులు తిరిగినవాడు చేసేదీ పోరాటమే. అది యూనియన్ ఆఫీసుకు చేరితే ఇంకా మంచిది, చేరుతుంది కూడా. చేరే దారిని రచయిత వేయాలి తప్ప కథ ఆఖర్లో హెలికాప్టరులో దించకూడదు.

ఆ యువకుడు కథ తిరగరాసి పంపాడు. సూర్యుణ్ణి తీసేశాడు. ఎక్స్‌రే ఫిల్మును భార్య కిటికీకి ఎదురుగా పట్టుకుని చూసే ఘట్టం కొత్తగా చేర్చాడు. ఆమెకు అందులో ఏమీ తెలియదు, రెండువైపులా తెల్లటి చుక్కలు ఉన్నాయని మాత్రం కొడుకుతో అంటుంది. క్రషర్ దగ్గర హాజరు పుస్తకంలో భర్త పేరు ఉందా లేదా అన్న వెదుకులాట రెండు పేజీలు నడిచింది. అది కథలోకెల్లా గట్టి భాగం. మధ్యలో సిలికా గురించి ఒక డాక్టరు చేత ఉపన్యాసం చెప్పించాడు, దాన్ని తగ్గించమన్నాను. డిశ్చార్జి కాగితం మీద మాత్రం ఇంకా ‘క్షయ’ అనే ఉంది. అది మార్చి సరైన పేరు పెట్టనా అని అడిగాడు. వద్దన్నాను, అది ఆస్పత్రి రాసిన మాట, అలాగే ఉంచమన్నాను.